తదుపరి రిలీజ్‌లో ఏ అవసరాలను చేర్చాలి: మెడికల్ షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉదాహరణగా ఒక పద్ధతి

సాఫ్ట్‌వేర్ ఒకటి వాడుకలోకి వచ్చిన కొన్ని నెలలకే, దాన్ని తయారుచేసిన జట్టు ముందు చేయగలిగినదానికంటే నాలుగైదు రెట్లు పెద్ద జాబితా పేరుకుంటుంది. వాడేవారు ఫోనులో అడిగినవి, అమ్మకాలు చూసేవారు ఒప్పుకొని వచ్చినవి, పోటీ కంపెనీ ప్రకటనలో కనిపించినవి, ప్రభుత్వ నోటిఫికేషన్ వల్ల తప్పనిసరి అయినవి, డెవలపర్లు తమంతట తాము సరిచేయాలనుకుంటున్నవి, అన్నీ అందులో ఒకే వరుసలో, ఒకే బరువున్నట్టుగా కనిపిస్తాయి. ఆ జాబితాలోంచి రాబోయే మూడు నెలల్లో వేటిని తయారుచేయాలో, వేటిని ఆపాలో, వేటిని పూర్తిగా వదిలేయాలో నిర్ణయించుకునే పద్ధతిని ఇక్కడ ఒక్కొక్క మెట్టుగా వివరిస్తాను.

చర్చ గాలిలో సాగకుండా ఉండటానికి మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణ తీసుకుందాం. మీది మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అందించే చిన్న జట్టు అనుకోండి. ముగ్గురు డెవలపర్లు, ఒక టెస్టర్, షాపుల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే వ్యక్తి ఒకరు ఉన్నారు. 400 షాపులు మీ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి, జాబితాలో 60 అంశాలున్నాయి, తదుపరి రిలీజ్‌కు, అంటే మార్పులతో కూడిన కొత్త రూపాన్ని షాపులకు అందించడానికి, 12 వారాల గడువుంది. ఈ జట్టు, ఈ అంచనాలు ఉదాహరణ కోసం ఊహించినవే. మందుల నిబంధనలు, జీఎస్టీ, కౌంటర్ దగ్గర జరిగే పని మాత్రం వాస్తవంలో ఉన్నవే.

అన్నిటికంటే ముందు మీ చేతిలో ఉన్న కాలమెంతో లెక్కకట్టండి. ముగ్గురు డెవలపర్లు 12 వారాలు పనిచేస్తే కాగితం మీద 36 వారాల పని అవుతుంది. సెలవులు, పండుగలు, పాత తప్పుల సవరణ, షాపుల నుంచి అత్యవసరంగా వచ్చే ఫోన్లు తీసివేస్తే కొత్త పనికి మిగిలేది 24 వారాలే అనుకుందాం. గత రెండు రిలీజ్‌లలో కొత్త పని నిజంగా ఎంత పూర్తయిందో వెనక్కి చూసుకుంటే మీ జట్టుకు సంబంధించిన సంఖ్య మీకే తెలుస్తుంది. ఇకపై చేసే ఎంపిక అంతా ఈ 24 వారాల సంచీలో ఏవి పడతాయన్న ప్రశ్నే. సంచీ కొలత తెలియకముందే సామాను ఏరడం మొదలుపెట్టిన జట్లు, చివరి రెండు వారాల్లో టెస్టింగ్‌ను కుదించి తప్పులతో నిండిన రిలీజ్‌ను బయటికి పంపడం నేను చాలాసార్లు చూశాను.

మొదటి మెట్టు: ప్రతి కోరికనూ అది పుట్టిన చోటుతో సహా రాసుకోండి

జాబితాలో "వాట్సాప్ బిల్లు", "స్టాకు రిపోర్టు మార్పు", "మొబైల్ యాప్" వంటి రెండు మూడు మాటల శీర్షికలు మాత్రమే ఉంటే వాటిలోంచి ఏదీ ఎంచుకోలేరు, ఎందుకంటే ఆ మాటలకు ప్రతి ఒక్కరూ తమకు తోచిన అర్థం చెప్పుకుంటారు. ప్రతి అంశం పక్కనా ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, అడిగే ముందు ఏ పని చేస్తూ ఎక్కడ ఆగిపోయారు అన్న మూడు విషయాలను రాయండి. అడిగిన వ్యక్తి షాపు యజమానా, కౌంటర్‌లో నిలబడి మందులిచ్చే వ్యక్తా, నెలాఖరున లెక్కలు చూసే అకౌంటెంటా అన్నది తప్పక నమోదు చేయండి. ఈ ముగ్గురూ ఒకే సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నా వారి ఇబ్బందులు వేరు. డబ్బు చెల్లించేది యజమాని కాబట్టి అతని మాట పెద్దగా వినిపిస్తుంది, కానీ రోజుకు రెండు మూడు వందల బిల్లులు కొట్టేది కౌంటర్‌లో ఉన్న వ్యక్తే.

అడిగినవారి పేరు దొరకని అంశాలు కూడా జాబితాలో ఉంటాయి. అవి ఒక సమావేశంలో ఎవరో అన్న మాటలుగా వచ్చి చేరినవి కావచ్చు. వాటిని వేరే కాగితం మీదికి మార్చండి. నిజమైన ఇబ్బంది అయితే మళ్లీ ఎవరో ఒకరు అడుగుతారు.

ఇదంతా ఆఫీసులో కూర్చుని చేయవలసిన పని అనుకోకండి. రిలీజ్‌కు ముందు కనీసం రెండు మూడు షాపుల్లో, సాయంత్రం ఆసుపత్రుల ఓపీ ముగిసి జనం వచ్చే వేళ, ఒక మూలన కూర్చుని చూడండి. ఏమీ సూచించకండి, ఏమీ నేర్పకండి. పది మాత్రల స్ట్రిప్పులోంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇవ్వమన్నప్పుడు తెర మీద ఎన్ని మీటలు నొక్కవలసి వస్తోందో, ఒకే మందుకు మూడు బ్యాచ్‌లు ఉన్నప్పుడు చేతికి అందిన స్ట్రిప్పు మీద ఉన్న బ్యాచ్ నంబరును సరిచూడకుండా మొదటిదాన్నే ఎంచుకుంటున్నారో, అయిపోయిన మందుల పేర్లను మీ సాఫ్ట్‌వేర్‌లో కాక పక్కనున్న నోటుపుస్తకంలో ఎందుకు రాస్తున్నారో గమనించండి. ఆ నోటుపుస్తకం మీ జాబితాలోని ఏ అంశం కంటే ఎక్కువ విషయం చెబుతుంది. మీ సాఫ్ట్‌వేర్ ఆ పనిలో తమకు తోడురావడం లేదని వాడేవారు మీకు ఫోను చేసి చెప్పరు, ఒక పుస్తకం కొనుక్కుని పని సాగించుకుంటారు.

రెండో మెట్టు: కోరిక వెనుక ఉన్న ఇబ్బందిని బయటికి తీయండి

ఈ పద్ధతి మొత్తంలో నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావించేది ఈ మెట్టునే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. వాడేవారు తమ ఇబ్బందిని చెప్పరు. ఆ ఇబ్బందికి తాము ఊహించుకున్న పరిష్కారాన్ని చెబుతారు. మీరు ఎంచుకోవలసింది ఆ పరిష్కారాన్ని అన్నట్టుగా జాబితా కనిపిస్తుంది. నిజానికి ఎంచుకోవలసింది ఇబ్బందిని, ఆ తర్వాత దాన్ని తొలగించగలిగే అతి చిన్న పనిని.

"బిల్లును వాట్సాప్‌లో పంపే సౌకర్యం కావాలి" అని మూడు షాపులు అడిగాయనుకోండి. ముగ్గురికీ ఫోను చేసి, "ఈ సౌకర్యం ఉంటే బాగుండేదని మీకు చివరిసారి ఎప్పుడు అనిపించిందండీ, ఆ రోజు ఏం జరిగింది?" అని అడగండి. ఏం కావాలని అడిగితే మళ్లీ పరిష్కారమే చెబుతారు. ఏం జరిగిందని అడిగితే సంఘటన చెబుతారు. మొదటి షాపువారు, బీపీ, షుగరు మందులు నెలనెలా కొనే ఉద్యోగులు ఆఫీసులో మెడికల్ రీయింబర్స్‌మెంట్ కోసం పాత బిల్లులు అడుగుతున్నారని, వాటిని వెతికి ఇవ్వడానికి పావుగంట పడుతోందని చెప్పవచ్చు. రెండో షాపులో ప్రింటరు కాగితం ఖర్చు తగ్గించాలన్న ఆలోచన ఉండవచ్చు. మూడో షాపు యజమానికి, నెలకు సరిపడా మందులు తీసుకున్నవారికి అవి అయిపోయే రోజుల్లో గుర్తుచేస్తే వారు మళ్లీ తన దగ్గరికే వస్తారన్న ఉద్దేశం ఉండవచ్చు. ఒకే కోరికగా కనిపించినది మూడు వేర్వేరు ఇబ్బందులు. మొదటిదానికి వాట్సాప్‌తో పనే లేదు. కొనుగోలుదారు ఫోను నంబరుతో పాత బిల్లును వెతికి మళ్లీ ప్రింటు తీసే చిన్న తెర చాలు, అది రెండు మూడు రోజుల పని. మూడోది మాత్రం చాలా పెద్దది, ఎందుకంటే ఎవరు ఏ మందు వాడుతున్నారన్నది ఆరోగ్యానికి సంబంధించిన వ్యక్తిగత సమాచారం. దాన్ని దాచుకుని సందేశాలు పంపాలంటే కొనుగోలుదారు అనుమతి తీసుకునే ఏర్పాటు కూడా మీరే చేయాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదు.

మరో ఉదాహరణ చూడండి. "స్టాకు రిపోర్టులో ఎక్స్‌పైరీ తేదీ కాలమ్ చేర్చండి" అన్నది చూడటానికి అరపూట పని. అడిగిన షాపుకు వెళ్లి కనుక్కుంటే అసలు సంగతి వేరుగా ఉంటుంది. గడువు దగ్గరపడిన మందులను ఏ స్టాకిస్టు (షాపులకు మందులు సరఫరా చేసే టోకు వ్యాపారి) దగ్గర కొన్నారో ఆ స్టాకిస్టుకే, అతను ఒప్పుకునే గడువులోపల తిరిగి పంపాలి. ఆలస్యమైతే ఆ నష్టం షాపుదే. అంటే వారికి కావలసింది కాలమ్ కాదు, రాబోయే మూడు నెలల్లో గడువు తీరే బ్యాచ్‌లను స్టాకిస్టుల వారీగా విడదీసిన జాబితా. మీరు అరపూటలో కాలమ్ చేర్చి ఇస్తే వారు వద్దనరు, ధన్యవాదాలు కూడా చెబుతారు. కానీ ఇబ్బంది అలాగే ఉంటుంది, ఆరు నెలల తర్వాత అదే విషయం మరో రూపంలో మీ జాబితాలోకి వస్తుంది.

ఈ మెట్టు పూర్తయ్యేసరికి మీ 60 కోరికలు ఇరవై, ఇరవై అయిదు ఇబ్బందులుగా తగ్గడం సాధారణంగా జరిగేదే. ప్రతి ఇబ్బందినీ ఒక పూర్తి వాక్యంగా రాయండి: ఎవరికి, ఏ పనిలో, ఏం జరగడం వల్ల, ఎంత నష్టం లేదా ఆలస్యం కలుగుతోంది. వాక్యం పూర్తిచేయలేకపోతే ఆ అంశం ఇంకా ఎంపికకు సిద్ధంగా లేదని అర్థం.

మూడో మెట్టు: తప్పనిసరి వాటిని వేరుచేయండి, వాటిని కూడా కత్తిరించండి

చట్టం వల్ల వచ్చే అవసరాలకు ఓటింగు ఉండదు. 2025 సెప్టెంబరు 3న సమావేశమైన జీఎస్టీ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయాలు సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చాయి. మందుల్లో చాలా వాటి మీద 12 శాతంగా ఉన్న పన్ను 5 శాతానికి తగ్గింది, ప్రాణరక్షక మందులు కొన్నిటి మీద పూర్తిగా తొలగిపోయింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి దొరికిన వ్యవధి మూడు వారాలకంటే తక్కువ. మందు వివరాల్లో పన్ను శాతాన్ని ఒకే గడిలో ఉంచిన సాఫ్ట్‌వేర్‌కు ఇది పెద్ద చిక్కు, ఎందుకంటే ఆ గడిని మార్చేస్తే కొత్త అమ్మకాలు సరిగ్గా వస్తాయి కానీ, పాత బిల్లుకు సంబంధించిన వాపసు నమోదుచేసేటప్పుడు పాత శాతమే రావాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ శాతం అన్నది పట్టికగా ఉంచినవారికి అది ఒక వరుస చేర్చినంత పని. మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఏర్పాటు ఇప్పటికీ లేకపోతే, ఎవరూ అడగకపోయినా దాన్ని ఈ రిలీజ్‌లో చేర్చండి. మన ఉదాహరణలో దీనికి 4 వారాలు కేటాయిద్దాం.

షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు కూడా ఇలాంటిదే. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన కొన్ని మందుల జాబితా ఈ షెడ్యూల్. 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న ఈ నిబంధన ప్రకారం, ఆ షెడ్యూల్‌లోని మందులను అమ్మినప్పుడు మందు రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదుచేసి మూడేళ్లపాటు భద్రపరచాలి. తనిఖీకి వచ్చిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాలి.

అయితే "తప్పనిసరి" అన్న మాట వెనుక దాక్కుని చాలా అదనపు కోరికలు లోపలికి వస్తాయి, ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. నిబంధన అడిగేది ఆ వివరాలతో కూడిన రిజిస్టరును మాత్రమే. డాక్టర్ల వారీగా రంగుల పటాలు, నెలవారీ విశ్లేషణ వంటివి దానితోపాటే చేయాలని ఎవరైనా అంటే వాటిని విడదీసి మామూలు వరుసలో నిలబెట్టండి. ఆ నిబంధన మీ వినియోగదారుల్లో ఎవరికి వర్తిస్తుందో కూడా మూలం చదివి తేల్చుకోండి. అమ్మకం బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదుచేసే ఈ-ఇన్‌వాయిస్‌నే తీసుకోండి. 2023 ఆగస్టు 1 నుంచి వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారాలకు అది వర్తిస్తుంది, అదీ మరో వ్యాపారికి చేసే అమ్మకాలకే గాని, మందు కొనుక్కోవడానికి వచ్చిన మనిషికి ఇచ్చే బిల్లుకు కాదు. కాబట్టి వీధి చివర ఉన్న మెడికల్ షాపుకు అది తప్పనిసరి కాదు, స్టాకిస్టుకు కావచ్చు. మీ 400 మందిలో స్టాకిస్టులు నలుగురే ఉంటే, ఆ నలుగురి కోసం ఎంత ఖర్చుపెట్టాలన్నది వేరే నిర్ణయం.

అవసరాలను తప్పక ఉండాల్సినవి, ఉండటం మంచిదైనవి, వీలైతే ఉండదగినవి, ఈసారి వద్దనుకున్నవి అని నాలుగుగా విభజించే మాస్కో (MoSCoW) పద్ధతిని డై క్లెగ్ 1994లో ఒరాకిల్‌లో పనిచేస్తున్నప్పుడు రూపొందించారు. దాన్ని తర్వాత స్వీకరించిన డీఎస్‌డీఎం అనే సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతి ఒక మంచి కట్టుబాటు పెట్టింది: తప్పక ఉండాల్సిన వాటికి పట్టే శ్రమ మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదు. ఆ గీత లేకపోతే ప్రతివారూ తమ కోరికను మొదటి గుంపులోనే పెడతారు. మీ జట్టులో ఎవరైనా ఒక అంశాన్ని తప్పనిసరి అన్నప్పుడు, "ఇది సిద్ధం కాకపోతే రిలీజ్‌నే ఆపుతామా?" అని అడగండి. "ఆపము, ఎలాగో సర్దుకుంటాము" అని జవాబు వస్తే అది తప్పనిసరి కాదు.

నాలుగో మెట్టు: ఉంటే ఎలా ఉంటుందో, లేకపోతే ఎలా ఉంటుందో రెండూ అడగండి

ఒక సౌకర్యం ఉంటే మీకు ఎలా అనిపిస్తుంది అని మాత్రమే అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు. జపాన్‌కు చెందిన నోరియాకి కానో 1984లో తన సహచరులతో కలిసి ప్రతిపాదించిన పద్ధతిలో ప్రతి సౌకర్యం గురించి రెండు ప్రశ్నలు ఉంటాయి: అది ఉంటే ఎలా అనిపిస్తుంది, లేకపోతే ఎలా అనిపిస్తుంది. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోక, లేనప్పుడు మాత్రం కోపం తెప్పించేవి కొన్ని ఉంటాయి. బిల్లు వెంటనే ప్రింటు కావడం, కరెంటు పోయి వచ్చాక సగం కొట్టిన బిల్లు పోకుండా ఉండటం అలాంటివి. ఎంత మెరుగైతే అంత సంతృప్తినిచ్చేవి మరికొన్ని, మందు పేరు వెతికే వేగం వాటిలో ఒకటి. లేకపోయినా ఎవరూ అడగక, ఉంటే మాత్రం సంతోషపెట్టేవి ఇంకొన్ని. ఉన్నా లేకపోయినా తేడా లేనివి కూడా ఉంటాయి, మీరు అనుకున్నదానికంటే ఇవి ఎక్కువే ఉంటాయి.

ఈ గుంపులు శాశ్వతం కావు. 2016లో యూపీఐ మొదలైన కొత్తలో బిల్లు మీద మొత్తంతో సహా క్యూఆర్ కోడ్ రావడం ముచ్చట గొలిపే సౌకర్యం. ఈ రోజు అది లేకపోతే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏదో పాతకాలం నాటిదని అనుకుంటారు. అందుచేత రెండేళ్ల క్రితం చేసిన సర్వేను నమ్ముకోకుండా, పదిహేను ఇరవై షాపులను మళ్లీ అడగండి. మొదటి గుంపులో లోపాలు ఉండగా మూడో గుంపు మీద సమయం ఖర్చుపెట్టవద్దు.

ఐదో మెట్టు: ముందు కత్తిరించి, తర్వాత అంకెలు వేయండి

ఇప్పుడు మిగిలిన అంశాలను పోల్చాలి. అంకెలు వేయడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. చిన్న జట్టుకు ఇంటర్‌కామ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో రూపొందిన రైస్ (RICE) పద్ధతి చాలునని నా అభిప్రాయం. నిర్ణీత కాలంలో ఎంతమందికి చేరుతుంది, ఒక్కొక్కరి మీద ఎంత ప్రభావం చూపుతుంది, ఈ అంచనా మీద మనకెంత నమ్మకం ఉంది అన్న మూడింటినీ గుణించి, పట్టే శ్రమతో భాగిస్తారు. ప్రభావానికి 3, 2, 1, 0.5, 0.25 అన్న మెట్లు, నమ్మకానికి 100, 80, 50 శాతాలు వాడతారు. శ్రమను మనం డెవలపర్ వారాల్లో కొలుద్దాం. టెస్టింగు, పాత డేటా మార్పు, షాపులకు నేర్పే సమయం కూడా అందులోనే కలపాలి.

స్టాకిస్టుల వారీ ఎక్స్‌పైరీ జాబితా 360 షాపులకు పనికొస్తుంది, ప్రభావం 2, నమ్మకం 80 శాతం, శ్రమ 3 వారాలు అనుకుంటే స్కోరు 192. పాత బిల్లు వెతికే తెర 150 షాపులకు, ప్రభావం 1, నమ్మకం 100 శాతం, శ్రమ అర వారం అనుకుంటే 300. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చే లూజు మాత్రల బిల్లింగ్‌ను సులభం చేయడం 400 షాపులకూ చేరుతుంది, ప్రభావం 1, నమ్మకం 100 శాతం, శ్రమ 2 వారాలు, స్కోరు 200. యజమానుల కోసం మొబైల్ యాప్ 200 షాపులకు, ప్రభావం 2, నమ్మకం 50 శాతం, శ్రమ 14 వారాలు, స్కోరు సుమారు 14.

మొబైల్ యాప్‌ను ఈ అంకె చూసి కొట్టేయడం తొందరపాటు. రెండో మెట్టులో చేసినట్టుగా దాని వెనుక ఉన్న ఇబ్బందిని అడగండి. షాపును తమ్ముడికో, పనివాళ్లకో అప్పగించి ఇంటికి వెళ్లిన యజమానికి ఆ రోజు అమ్మకం ఎంత, నగదు ఎంత, యూపీఐ ఎంత, అరువు ఎంత అన్న నాలుగు అంకెలు తెలిస్తే చాలునని తేలవచ్చు. షాపు మూసే వేళకు ఆ నాలుగు అంకెలతో ఒక సందేశం పంపే ఏర్పాటుకు ఒకటిన్నర వారం పడుతుంది. 200 షాపులు, ప్రభావం 1, నమ్మకం 80 శాతం అనుకుంటే స్కోరు 107 దాకా వస్తుంది. 14 స్కోరుతో అట్టడుగున ఉన్న కోరికలోంచి 107 స్కోరున్న అవసరం బయటికి వచ్చింది. పెద్ద కోరికలకు నేరుగా అంకెలు వేసి పక్కన పెట్టే జట్లు ఇలాంటి చిన్న, విలువైన ముక్కలను పోగొట్టుకుంటాయి.

అంకెలను ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసి ఉండాలి. 192కూ 200కూ మధ్య తేడా లేదనే భావించండి, ఒక అంచనా కాస్త అటూ ఇటూ అయితే వరుస మారిపోతుంది. నమ్మకం దగ్గర నిజాయితీగా ఉండండి. ముగ్గురు నలుగురి మాట మీద ఆధారపడిన అంచనాకు 50 శాతం మించి వేయకండి. మైక్రోసాఫ్ట్‌లో రాన్ కోహవి బృందం జరిపిన ప్రయోగాల గురించి 2009లో ప్రచురించిన వివరాల ప్రకారం, ఒక కొలమానాన్ని మెరుగుపరుస్తాయని నమ్మి తయారుచేసిన మార్పుల్లో సుమారు మూడో వంతు మాత్రమే దాన్ని నిజంగా మెరుగుపరిచాయి. కోట్ల మంది వాడుకదారుల డేటా చేతిలో ఉన్నవారి ఊహలే అలా ఉంటే, మన ఊహలకు 100 శాతం వేసుకునే ముందు ఒకసారి ఆలోచించాలి. శ్రమ అంచనాను మాత్రం ఆ పని చేయబోయే డెవలపర్లే వేయాలి. అమ్మకాలవారు గానీ యజమాని గానీ వేసిన అంచనాను వాడకండి.

రైస్ స్కోరులో కనిపించనిది ఒకటి ఉంది, అది తేదీ. ఉత్పత్తుల రూపకల్పన మీద పుస్తకాలు రాసిన డొనాల్డ్ రైనర్ట్‌సన్ చాలాకాలంగా చెబుతూ వచ్చిన ఆలస్యపు ఖర్చు అన్న భావన ఇక్కడ పనికొస్తుంది: ఈ పని ఒక నెల ఆలస్యమైతే ఎంత నష్టం? పాత బిల్లు వెతికే తెర నెల ఆలస్యమైనా నష్టం కొద్దిగానే ఉంటుంది. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరానికి బిల్లు నంబర్ల వరుసను కొత్తగా మొదలుపెట్టే ఏర్పాటు మాత్రం ఏప్రిల్ 10న సిద్ధమైతే దాదాపు నిరుపయోగమే. దానికి వారం రోజుల పనే పట్టినా, తేదీ కారణంగా దాన్ని తప్పనిసరి గుంపులోకి చేర్చండి.

ఆరో మెట్టు: ముడిపడి ఉన్నవాటిని కలిపి సంచీ నింపండి

స్కోరు ఎక్కువ ఉన్నవాటిని పైనుంచి ఒక్కొక్కటిగా తీసుకుంటూ పోవడం సులభమే, కానీ అవసరాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. స్టాకిస్టుల వారీ ఎక్స్‌పైరీ జాబితాను ఎంత చక్కగా తయారుచేసినా, షాపులవారు సరుకు వచ్చినప్పుడు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ నమోదుచేయకపోతే ఆ జాబితా ఖాళీగానే కనిపిస్తుంది. యాభై అరవై రకాల మందులున్న కొనుగోలు బిల్లును చేత్తో ఎక్కించడం శ్రమ కాబట్టే చాలామంది ఆ రెండు గడులనూ వదిలేస్తారు. అందుచేత స్టాకిస్టు పంపే బిల్లు ఫైలును నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకునే ఏర్పాటు ముందు రావాలి. దానికి 4 వారాలు అనుకుంటే, ఎక్స్‌పైరీ జాబితాతో కలిపి అది 7 వారాల జంట అవసరం. ఒకదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేసే వీలు లేదు కాబట్టి స్కోరు కూడా జంటకే వేయండి.

పరిశోధకులు దీన్ని తదుపరి రిలీజ్ సమస్యగా పిలుస్తారు. బాగ్నల్, రేవార్డ్-స్మిత్, విట్లీ అనే ముగ్గురు 2001లో దీనికి గణిత రూపమిచ్చి, అవసరాల సంఖ్య పెరిగేకొద్దీ అత్యుత్తమ ఎంపికను కంప్యూటరుతో వెతకడం కూడా కష్టమేనని చూపారు. ఇరవై అంశాలున్న మీకు అంత అవసరం లేదు. ఒక్కో అంశాన్నీ ఒక చీటీ మీద రాసి, పట్టే వారాలకు తగ్గ పొడవుతో కత్తిరించి, ముడిపడి ఉన్నవాటిని పిన్నుతో కలిపి, 24 వారాల పొడవున్న గీత మీద పేర్చి చూడండి. చివర్లో ఐదారు అంశాల మధ్య తేల్చుకోలేకపోతే, రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ విలువైనదో నిర్ణయించండి. 1997లో కార్ల్సన్, రయన్ అవసరాల ఎంపికకు ఈ జంటల పోలికనే వాడి చూపారు. ఆరు అంశాలైతే 15 పోలికలు చాలు, ఇరవై అంశాలకు 190 అవుతాయి కాబట్టి మొదటి నుంచీ ఈ దారి పట్టకండి.

మన ఉదాహరణలో పన్ను శాతాల పట్టికకు 4, హెచ్1 రిజిస్టరుకు 2, కొత్త సంవత్సరపు బిల్లు వరుసకు 1, మొత్తం 7 వారాలు తప్పనిసరి వాటికి పోయాయి. ఫైలు దిగుమతి, ఎక్స్‌పైరీ జాబితా కలిపి 7, లూజు మాత్రలకు 2, పాత బిల్లు తెరకు అర వారం, రాత్రి సందేశానికి ఒకటిన్నర, ఇక్కడికి 18 వారాలు. ఎవరూ అడగని పని ఒకటి ఇంకా ఉంది. షాపు కంప్యూటరు హార్డ్ డిస్కు పాడైతే డేటాను తిరిగి తెచ్చుకునే ఏర్పాటు నమ్మదగినదిగా లేదని మీ డెవలపర్లు చెబుతున్నారు, దానికి 3 వారాలు కేటాయించండి. డిస్కు పాడయ్యే రోజు వరకు ఈ పనికి ఎవరూ ఓటు వేయరు, కనుక దాని పక్షాన జట్టే నిలబడాలి. మొత్తం 21 అయింది. మిగిలిన 3 వారాలను ఖాళీగా ఉంచండి. ఖాళీ చూసి మరొకటి చేర్చాలన్న ఒత్తిడి తప్పకుండా వస్తుంది. ఆ మూడు వారాలు అంచనాలు తప్పినప్పుడు ఆదుకునేవి, వాటిని ఎవరికీ ఇవ్వకండి.

ఏడో మెట్టు: కాదన్నదాన్ని కారణంతో సహా చెప్పండి

ఎంచుకోని ప్రతి అంశానికీ ఒక వాక్యంలో కారణం రాసి, ఏం మారితే మళ్లీ పరిశీలిస్తామో కూడా రాయండి. "స్టాకిస్టు వినియోగదారులు 20కి చేరితే ఈ-ఇన్‌వాయిస్‌ను మళ్లీ చూస్తాం" అన్నది నిజాయితీ గల జవాబు. "తర్వాత చూద్దాం" అన్నది అడిగినవారిని ఏడాదిపాటు ఎదురుచూసేలా చేసే మాట. అడిగిన షాపుకు ఫోను చేసి స్వయంగా చెప్పండి. "మీరు చెప్పిన ఇబ్బంది మాకు అర్థమైందండీ, ఈ మూడు నెలల్లో మాత్రం చేయలేకపోతున్నాము" అని ముందే చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

అన్నిటికంటే కష్టమైన సందర్భం, పాతిక కౌంటర్లున్న పెద్ద వినియోగదారు ఒకరు అదనంగా డబ్బు చెల్లిస్తామని చెప్పి తమకు మాత్రమే పనికొచ్చే సౌకర్యం అడగడం. ఆ డబ్బు తయారీ ఖర్చుకే సరిపోతుంది. ఆ తర్వాత ప్రతి రిలీజ్‌లో దాన్ని పరీక్షించే ఖర్చు, ప్రతి పన్ను మార్పుకూ దాన్ని సరిచేసే ఖర్చు మీ మీదే పడతాయి. మరో ముగ్గురు వినియోగదారులను అడిగి, వారిలో కనీసం ఇద్దరికి అది పనికొస్తుందని తేలితేనే ఒప్పుకోండి. లేకపోతే వారి డేటాను వారే తీసుకుని తమకు కావలసిన రిపోర్టు తయారుచేసుకునేలా ఎక్సెల్ ఎగుమతి ఇవ్వడం ఇద్దరికీ మేలు.

ఎనిమిదో మెట్టు: మధ్యలో మార్పులు, రిలీజ్ తర్వాత తనిఖీ

పని మొదలయ్యాక కొత్త అవసరం ఏదైనా రావచ్చు, రాకూడదని కట్టడి చేయలేరు. అయితే లోపలికి వచ్చేది ఎన్ని వారాలదో అన్ని వారాల పని బయటికి వెళ్లాలన్న నియమం పెట్టుకోండి. ఏది బయటికి వెళ్తుందో కొత్తదాన్ని తెచ్చినవారే చెప్పాలి. ఈ ఒక్క నియమం వల్ల మధ్యలో వచ్చే కోరికల్లో చాలావరకు తదుపరి రిలీజ్ వరకు ఆగగలవని వాటిని తెచ్చినవారే ఒప్పుకుంటారు.

ఎంచుకున్న ప్రతి అంశానికీ, పని మొదలుపెట్టే ముందే, అది ఉపయోగపడిందని ఏ అంకెను చూసి నిర్ణయిస్తారో రాసిపెట్టుకోండి. ఎక్స్‌పైరీ జాబితాను రిలీజ్ అయిన రెండో నెలలో ఎన్ని షాపులు తెరిచాయి, అందులోంచి స్టాకిస్టుకు వాపసు నమోదుచేసినవి ఎన్ని అన్నవి అలాంటి అంకెలు. 360 షాపులకు చేరుతుందనుకున్నది 90 షాపులకే చేరితే కారణం వెతకండి. ఫైలు దిగుమతి కొందరు స్టాకిస్టుల బిల్లులకు పనిచేయకపోవడమే కారణం కావచ్చు, అప్పుడు తదుపరి రిలీజ్‌లో మొదటి అంశం అదే అవుతుంది. మీ అంచనాకూ వాస్తవానికీ మధ్య ఉన్న దూరాన్ని పక్కనే రాసుకుంటూ పోతే, మూడు నాలుగు రిలీజ్‌ల తర్వాత ఐదో మెట్టులో వేసే నమ్మకపు శాతాలు మరింత వాస్తవానికి దగ్గరగా వస్తాయి.

అదే సమయంలో పక్కన పెట్టిన జాబితాను కూడా తెరిచి చూడండి. వరుసగా రెండు రిలీజ్‌ల కాలంలో, అంటే ఆరు నెలల్లో, ఒక్కరు కూడా మళ్లీ అడగని అంశాలను తొలగించండి. మళ్లీ అడిగినవాటి పక్కన కొత్తగా అడిగినవారి పేరు, తేదీ, వారు ఆగిపోయిన పని రాసి మొదటి మెట్టు దగ్గరికి పంపండి.